మనకెందుకు?

మన ఇళ్ళల్లో ఉప్పుకంటే ఎక్కువ ఖర్చయ్యే మాట ఒకటుంది. "మనకెందుకు?" పక్కింట్లో గిన్నెలు ఎగిరిపడితే మనకెందుకు. ఎదురింటి కోడలు మూడు నెలలుగా పుట్టింట్లోనే ఉండిపోతే మనకెందుకు. (అంటూనే వివరాలన్నీ రాబడతాం, అది వేరే సంగతి!) ఈ మాట బొత్తిగా పనికిమాలినదని నేననను. సంసారం గుట్టుగా సాగాలంటే అది కొంత కావాలి. నా పేచీ అల్లా అది గడప దాటి, వీధిలో పోలీసు జీపు ఆగినప్పుడు కూడా మన నోటికి అడ్డం పడుతుందే, అందుకు!

మేముండేది బహదూర్‌పురాలో, జూపార్కుకి దగ్గర్లో. మా ఇంటికొచ్చిన చుట్టాలు "రాత్రుళ్ళు సింహాల అరుపులు వినిపిస్తాయా?" అని తప్పకుండా అడుగుతారు. మనుషుల సంగతి అడిగిన వాళ్ళు తక్కువ. 2007 మే 18, శుక్రవారం, మధ్యాహ్నం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది పోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు. దరిమిలా పాతబస్తీ కుర్రాళ్ళని డజన్ల లెక్కన పట్టుకుపోయారు. తమని రహస్యంగా ఎక్కడెక్కడో ఉంచి హింసించారని బయటికొచ్చాక వాళ్ళు చెప్పారు. "నిప్పు లేనిదే పొగ రాదు కదండీ" అన్నారు చాలామంది. సామెత బాగానే ఉంది. కాని వంటింట్లో మసిలే మనకి తెలియదూ, పొయ్యి ఒకచోట ఉంటే పొగ మరో గదిలో కమ్ముకుంటుందని!

ఆ కుర్రాళ్ళలో కేసులు పడ్డవాళ్ళు నిర్దోషులని కోర్టులు తేల్చాయి. 2012 జనవరిలో ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది. కేసుల్లోంచి నిర్దోషులుగా బయటపడ్డ 20 మందికి తలా 3 లక్షలు, తక్కినవాళ్ళకి తలా 20 వేలు. దాంతోపాటు మంచి నడవడిక సర్టిఫికెట్టు కూడా! 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. డబ్బు సంగతలా ఉంచండి. కొడుక్కి సంబంధం చూస్తున్న తల్లి ఆ సర్టిఫికెట్టుని పదిమందికీ చూపించాలో, బీరువా అడుగున దాచాలో నాకైతే తోచదు.

"మరి బాంబుకి పోయినవాళ్ళ సంగతో?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కాని కాని కుర్రాణ్ణి పట్టుకున్నారంటే అసలువాడు దర్జాగా తిరుగుతున్నట్టేగా! 2018 ఏప్రిల్‌లో, ఆ కేసులో విచారణకి నిలబడ్డ వేరే అయిదుగురు కూడా రుజువు చాలక విడుదలయ్యారు. పోయినవాళ్ళ తల్లులకి దక్కిందేమిటి?

ఇలాంటివన్నీ బయటికి రావాలంటే ఎవరో ఒకరు ఇల్లిల్లూ తిరగాలి, అడగాలి, రాసుకోవాలి. అలా తిరిగేవాళ్ళని హక్కులవాళ్ళంటారు. పనిలేనివాళ్ళనీ అంటారు.

వరంగల్లు డాక్టర్ రామనాథం గారు పనిలేని మనిషి కాదు. పిల్లల డాక్టరు. పౌరహక్కుల సంఘం రాష్ట్ర ఉపాధ్యక్షుడు కూడా. 1985 సెప్టెంబరులో నక్సలైట్లు ఒక సబ్ ఇన్‌స్పెక్టరుని చంపారు. ఆయన చావూ చావే, ఆయనకీ ఇల్లుంది. సెప్టెంబరు 3న ఆ శవయాత్రలోంచి కొందరు రామనాథం గారి క్లినిక్కులో చొరబడి ఆయన్ని కాల్చి చంపారు. ఆ యాత్రలో నడుస్తున్నది పోలీసులు.

జ్వరంతో కాలిపోతున్న బిడ్డని భుజాన వేసుకుని వెళితే ఏ డాక్టరైనా "వీడి నాన్న ఎలాంటివాడు?" అని అడుగుతాడా? ముందు థర్మామీటరు పెడతాడు. హక్కూ అలాంటిదేనని నా నమ్మకం. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టమంటున్న మన రాజ్యాంగం, "మంచివాడైతేనే సుమా" అని షరతు పెట్టలేదు.

రానురాను చంపేవాళ్ళకి పేర్లు కూడా పుట్టుకొచ్చాయి. గ్రీన్ టైగర్లట, కాకతీయ కోబ్రాలట, నర్సా కోబ్రాలట! మా జూలో పులికి బోనుంది, బోను మీద బోర్డుంది. ఈ పులులకి చిరునామాయే లేదు. 2000 నవంబరు 23న దిల్‌సుఖ్‌నగర్‌లో పురుషోత్తం, 2001 ఫిబ్రవరి 18న నల్గొండలో ఆజం అలీ హత్యకు గురయ్యారు. ఇద్దరూ పౌరహక్కుల సంఘం వాళ్ళే. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ గారిని 1989లో ఎత్తుకుపోయి, ప్రాణాలతో వదిలారు. నక్సలైట్ల హింసనీ నిలదీయాలని ఆయన తన సంఘంలోనే వాదించి, చివరికి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక స్థాపనలో పాలుపంచుకున్నారు. ఇరువైపులా చెడ్డ అనిపించుకోవడానికి సిద్ధపడ్డ మనిషంటే నాకు ఒక పిసరు గౌరవం ఎక్కువ.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మా రెండోది లా చదువుతోంది. హక్కుల కేసులు చూస్తానంటోంది. "బ్యాంకు పరీక్షలు రాయరాదుటే" అని మావారు. "ఆడపిల్లకి ఆ గొడవలేమిటే తల్లీ" అని మా అత్తగారు. అలాంటివాళ్ళు లోకంలో ఉండాలని మనందరం ఒప్పుకుంటాం. ఆ ఉండేది మనింటి పిల్ల కాకపోతే చాలు! నాకూ భయమే. తల్లికి కాకపోతే ఇంకెవరికుంటుంది భయం? కాని నేను భయపడి పిల్లని ఇంట్లో కూర్చోబెడితే, ఆ బాకీ ఇంకెవరో తల్లి తీర్చాలి. అదీ నాకు మింగుడు పడనిది. అందుకని వద్దనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఇంతవరకూ బేరం అక్కడే ఆగింది.

అదేమో పోయిన వారం పాత క్యాలెండరు కాగితం వెనకాల, 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నిబంధనలు రాసి వంటింటి తలుపుకి అంటించింది. అరెస్టు చేసే పోలీసు పేరు కనపడేలా ఉండాలి. తేదీ, వేళ వేసిన కాగితం మీద ఇంటివాళ్ళో, వీధిలో పెద్దమనిషో సాక్షి సంతకం చెయ్యాలి. ఎక్కడ ఉంచారో అయినవాళ్ళకి చెప్పాలి. 48 గంటలకోసారి డాక్టరు చూడాలి. చక్కెర కోసం వచ్చిన ఎదురింటి ఖాలా, తెలుగు చదవడం రాకపోయినా, దాన్ని చాలాసేపు చూసింది. ఏమిటని అడిగింది. చెప్పాను. ఉర్దూలో కావాలంది. మా అమ్మాయికి మాట్లాడటమే గాని రాయడం రాదు. సాయంత్రం ఖాలా మనవడు, ఏడో క్లాసువాడు, మా గచ్చు మీద బోర్లా పడుకుని, ఇది చెబుతుంటే రాశాడు. "మేజిస్ట్రేట్" దగ్గర ఇద్దరికీ కాసేపు తగువు. రెండు కాపీలు రాసుకున్నాడు. రెండోది వాళ్ళ మేడమీద అద్దెకుండే వాళ్ళకిట.