‘నాకు తగ్గింది’ అనే సాక్ష్యం

2021 మే నెలలో వేలాదిమంది నెల్లూరు తీరాన ఉన్న కృష్ణపట్నం దారి పట్టారు. ఆనందయ్య గారు ఉచితంగా ఇస్తున్న కరోనా మందు కోసం. మే 21న జనం అదుపు తప్పడంతో పంపిణీ ఆగింది. పరిశీలన జరిపించిన ప్రభుత్వం మే 31న, కంటి చుక్కలు మినహా, అనుమతి ఇచ్చింది. మందు వల్ల హాని లేదు, కరోనా తగ్గుతుందనడానికి ఆధారమూ లేదు అన్నది నివేదికల సారాంశం.

అంతమందిని అక్కడికి నడిపించింది ‘నాకు తగ్గింది’ అన్న మాట. అన్నవాళ్లు అబద్ధాలకోరులు కారు. నిజంగానే తగ్గింది. కాని దేనివల్ల?

అల్లాహ్ మన దేహంలో ఒక ఏర్పాటు చేసి ఉంచాడు. రక్తంలోని టి కణాలు, బి కణాలు ఒక్కొక్కటీ ఒక్కో ఆకారాన్నే గుర్తుపడతాయి. కొత్త వైరస్ వచ్చినప్పుడు దానికి సరిపోయే కణాలు కొన్నే ఉంటాయి. మెడ దగ్గర, చంకల్లో బిళ్ల కట్టిందని చేత్తో తడిమి చూసుకుంటామే, అక్కడే అవి వేలు, లక్షలుగా పెరగాలి. టి కణాలు వైరస్ దూరిన కణాలను చంపుతాయి. బి కణాలు యాంటీబాడీలను తయారుచేస్తాయి. ఇందుకు వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. తరువాత కొన్ని కణాలు ఆ శత్రువును గుర్తు పెట్టుకుని మిగిలిపోతాయి. జబ్బు పడకముందే ఆ గుర్తును ఇవ్వడమే టీకా చేసే పని.

ఆ వారం పది రోజులు మనం ఊరుకుంటామా? కషాయం తాగుతాం, ఆవిరి పడతాం, చుక్కలు వేయించుకుంటాం. చివర ఏది తీసుకుంటే దానికే పేరు. కరోనా సోకినవారిలో ఎక్కువమంది ప్రత్యేకమైన మందేదీ లేకుండానే కోలుకున్నారు. మందు పనిచేసిందో లేదో తేలాలంటే, అది తీసుకోని రోగులను కూడా పక్కన పెట్టి లెక్క చూడాలి. కోలుకున్న ఒక్క మనిషికి ఆ లెక్క కనబడదు.

తెలియని విషయం వెంట పోవద్దన్న ఖుర్‌ఆన్ ఆజ్ఞను మనం చాడీలకు, నిందలకు వర్తింపజేసి ఊరుకుంటాం. మందు గురించి చెప్పే మాటకు వర్తించదా? మంచి మనసుతో చెప్పిందే కదా అనవచ్చు. చుక్కలు వేయగానే ఊపిరి ఆడిందని వీడియోలో చెప్పిన ఒక పెద్దాయన, ఆ నెలాఖరుకే ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయనదీ మంచి మనసే. అలాంటి వీడియోలను పదిమందికి పంపినవాళ్లం మనమే.

‘ఈ మందు తీసుకున్నాను, తరువాత తగ్గింది’ అన్నంతవరకే మనకు తెలుసు. ‘దీనివల్లే తగ్గింది, నువ్వూ వెళ్లు’ అన్నామంటే, ఊపిరాడని మనిషి ఒకడు ఆసుపత్రి దారి వదిలి మన మాట పట్టుకుని బయలుదేరతాడు.