జాదూ భయం, పక్కింటి అవ్వ

బోరు ఎండింది, ఎనుము పాలివ్వడం మానేసింది, కోడలు నెల తప్పలేదు. బత్తలపల్లె వంటి కరువు పల్లెల్లో “ఎవరో ఏదో చేశారు” అనడానికి ఇవి చాలు. అవ్వ నిమ్మకాయ దిగదీసింది, తల్లి తావీజు కట్టింది, చదువుకున్న మనవడు సెల్‌ఫోనులో ఆమిల్‌ను వెదుకుతున్నాడు. మూడు తరాలకూ భయం మాత్రం ఒకటే!

జాదూ ఉన్నదా? ఉన్నది. దివ్యఖుర్ఆన్ (2:102) దాన్ని కాదనలేదు. అయితే అల్లాహ్ అనుమతి లేనిదే అది ఎవరికీ హాని చేయజాలదని, నేర్చుకున్నవానికి పరలోకంలో భాగం లేదని స్పష్టం చేసింది. కాని జాదూ ఉన్నదని నమ్మడం వేరు, పక్కింటి ముసలవ్వే చేసిందనడం వేరు. దీనికి సాక్ష్యమేది? ఆమిల్ చెప్పిన ఆనవాలా? అగోచరం చెబుతాననేవాణ్ణి అడిగినవాని 40 రోజుల నమాజు స్వీకరించబడదని దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). కొన్ని అనుమానాలు పాపమని ఖుర్ఆన్ (49:12) అంటున్నది.

బ్రిటన్‌లో 1951లో మంత్రవిద్య చట్టం రద్దయ్యాక గెరాల్డ్ గార్డ్‌నర్ వంటివారు తామే మంత్రగాళ్ళమని బాహాటంగా చెప్పుకున్నారు. మన పల్లెల్లో ఆ పేరు ఎవరూ పెట్టుకోరు, దిక్కులేని ముసలివాళ్ళకు పెడతారు.

బిడ్డకు జ్వరమొస్తే ఫలఖ్, నాస్ సూరాలు చదివి ఊదుదాం. ఆ వెంటనే ఊళ్ళోని ఆర్.డి.టి. ఆసుపత్రికి తీసుకెళదాం. వైద్యం చేయించుకోమన్నదీ ప్రవక్త (స) గారే. ఇక బోరంటారా, వాన లేక నీరు లోతుకు పోతే పాపం ఆ అవ్వ ఏం చేస్తుంది?