తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నది?

విశ్వవిద్యాలయంలో ప్రింటరు మొరాయించినా, ఇంటర్నెట్ ఆగినా మనం పిలిచే మనిషికి తరచు పేరుండదు. ‘కంప్యూటర్ అబ్బాయి’ అంటాం. నలభై యేళ్లు దాటినా అబ్బాయే. ఆ మనిషి చేతిలో ఎంత అధికారం ఉన్నదో ఆలోచించే అధ్యాపకులు అరుదు.

యూనిక్స్ వంశానికి చెందిన సర్వర్లలో ‘రూట్’ అనే ఖాతా ఉంటుంది. సామాన్యంగా దానికి ఏ తాళమూ అడ్డు కాదు. ఎవరూ చూడరాదని మనం దాచుకున్న ఫైలును అది తెరుస్తుంది, మారుస్తుంది, తన అడుగుజాడలను చెరిపివేయగలదు కూడా. మెయిలును విశ్వవిద్యాలయమే నడుపుకొనే చోట వైస్ ఛాన్సలర్ ఉత్తరాలూ, విద్యార్థి నాయకుడి ఉత్తరాలూ దానికి ఒకటే. ఆ పాస్‌వర్డు ఎన్నోచోట్ల, ఏటా కాంట్రాక్టు పొడిగింపు కోసం ఎదురుచూసే ఉద్యోగి దగ్గర ఉంటుంది.

ఇతని నీతి ఏమిటి? నిజాయితీగా ఉండాలి అనటం సులభమే. ఇతరుల ఉత్తరాలు చదవకపోవటం ఒక సంస్కారం; వీరిలో చాలామందికి అది ఉన్నదనే నా నమ్మకం. అసలు చిక్కు ఆజ్ఞ వచ్చినప్పుడు వస్తుంది. ఒక సాయంత్రం పైఅధికారి ఫోను చేసి, ఫలానా అధ్యాపకుడి మెయిలు తెరచి, ఆ కరపత్రం ఎవరు రాశారో తేల్చమన్నాడనుకుందాం. పర్మనెంటు ఉద్యోగి ‘కాగితం మీద రాసివ్వండి’ అనవచ్చు. అందరూ అంటారని కాదు. అనటానికి చోటు ఉన్నది. మార్చి 31 తో గడువు ముగిసేవాడు ఏమంటాడు?

2017 ఆగస్టు 24 న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కు అన్నది. మనమంతా సంతోషించాం. అంతకుముందు 2006 లో, ఉమాదేవి కేసులో, అదే కోర్టు రాజ్యాంగ ధర్మాసనం, తాత్కాలిక ఉద్యోగి ఎన్నేళ్లు పనిచేసినా ఆ కారణం చేతనే క్రమబద్ధీకరణ కోరే హక్కు లేదన్నది. దొడ్డిదారి నియామకాలను అరికట్టాలన్న దాని ఉద్దేశాన్ని తోసిపుచ్చలేం. కాని న్యాయగ్రంథాలలో వేర్వేరు అధ్యాయాలైన ఈ రెండు తీర్పులూ సర్వరు గదిలో ఒకే మనిషి మీద వచ్చి పడుతున్నవి. మొదటిది ప్రసాదించిన హక్కును, రెండవది రక్షణ లేకుండా వదిలిన మనిషి కాపాడాలి!

యంత్రానికి యంత్రమే కాపలా కాస్తుందని కొందరు మిత్రుల వాదన. లాగులను వేరే యంత్రానికి పంపవచ్చు, ఉత్తరాలను ఎన్‌క్రిప్ట్ చేయవచ్చు, చేయవలసిందే. అయితే ఆ రెండో యంత్రానికీ తాళంచెవి ఉంటుంది. యూనిక్స్ నిర్మాతలలో ఒకరైన కెన్ థాంప్సన్, 1984 లో అచ్చయిన తన ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసంలో, కంపైలరులో దొంగను ఎలా దాచవచ్చునో చూపించాడు. సోర్స్ కోడ్ ఎంత గాలించినా ఆ దొంగ దొరకడు. చివరికి నమ్మవలసింది రాసిన మనుషులనే అని ఆయన తేల్చాడు. ఇంజనీర్లు దీనిని భద్రతా సమస్యగా చదువుతారు. ఉద్యోగ సమస్యగా చదివినవారిని నేను చూడలేదు.

అధ్యాపక సంఘాల వినతిపత్రాలలో వేతన సవరణ ఉంటుంది, ఖాళీల భర్తీ ఉంటుంది. కంప్యూటర్ సెంటరు మనిషి ప్రస్తావన అరుదు. కాగితాల మీద ఆయన యజమాని ఏదో ఏజెన్సీ గనుక, బోధనేతర సిబ్బంది సంఘంలోనూ చాలాసార్లు చోటుండదు. ఆ వినతిపత్రాన్ని టైపు చేసి దాచుకున్నది మాత్రం ఆయన కాపలా కాసే సర్వరులోనే.