తెగిన తీగ – తెగని సంబంధము

భగవంతునకును జీవునకును గల సంబంధము నిత్యమైనది. అది ఒకనాడు కలిగినదియు గాదు, ఒకనాడు పోవునదియు గాదు. తండ్రి, రక్షకుడు, శేషి, భర్త, ఆధారము మొదలుగా తొమ్మిది విధముల నీ సంబంధమును పిళ్ళైలోకాచార్యులు ‘నవవిధ సంబంధము’ అను రహస్యగ్రంథమున నిరూపించిరి. ఇట్లుండగా, ఇంట కష్టము కలిగినపుడు స్వామి మనలను విడిచెనని ఏల తోచును? సంపద కలిగినపుడు ఇక ఏ కొదువయు లేదని ఏల తోచును? సంబంధము నశించుటచే గాదు, సంబంధజ్ఞానము తెగుటచేతనే. ఈ భేదమును గ్రహించుటకు పాత కారులో తెగిన ఒక చిన్న తీగ చక్కని దృష్టాంతము.

మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనా ననుసరించి ఉత్తరపారాలో నిర్మింపబడి, 2014లో నిర్మాణము నిలిచిపోయిన అంబాసిడరు కారులో క్షేత్రయాత్రలు చేసిన కుటుంబములు ఎన్నియో కలవు. ఆ తరమునకు చెందిన పలు కార్లలో పెట్రోలు మట్టమును తెలుపు ఏర్పాటు ఇట్లుండును. ట్యాంకులోని ఫ్లోటు పెట్రోలుపై తేలుచుండును. బ్యాటరీ నుండి వచ్చు విద్యుత్తు డ్రైవరు ఎదుట నున్న మీటరు గుండా సాగి, ఒక తీగ వెంట వెనుక నున్న ట్యాంకును చేరి, అచట కారు దేహమునకు దిగి, ఆ దేహము ద్వారానే బ్యాటరీకి మరలును. ఫ్లోటు పైకి లేచిన కొలది విద్యుత్తు అధికముగా ప్రవహించును. ఆ వేడిమికి మీటరులోని లోహపు రేకు వంగి, ముల్లు నిండుగుర్తు వైపు కదలును.

ఆ తీగ తెగినచో ముల్లు ఖాళీగుర్తును విడువదు. ట్యాంకు నిండుగా నున్నను అంతే. తీగ పైతొడుగు అరిగి, లోని రాగి త్రోవలో కారు దేహమును తాకినచో ముల్లు నిండుగుర్తున నిలిచిపోవును. ట్యాంకు ఎండిపోవుచున్నను అంతే. అంతకు పూర్వపు కొన్ని నమూనాలలో ఈ ఫలితము విపరీతముగా నుండును గాని, ముల్లు అసత్యము పలుకుట మాత్రము సమానమే. మొదటి అసత్యమును నమ్మినవాడు నిండిన ట్యాంకుతో దిగులుపడును. రెండవదానిని నమ్మినవాడు నిర్జనమైన దారిలో చిక్కుకొనును.

జీవుని స్థితియు నిట్టిదే. అంతర్యామియై స్వామి హృదయమున నిండియున్నను, జ్ఞానము తెగినవాడు శూన్యమునే చూచును. అది నిరాశ. త్రోవలోనే దేహమును తాకినవాడు దేహమే తానని యెంచి, తాను పరిపూర్ణుడనని మురియును. అది దేహాత్మభ్రమ. ఐనను దేహము నిందింపదగినది గాదు. తీగ తన గమ్యమును చేరిన పిమ్మట దేహము గుండా మరలిన విద్యుత్తే ముల్లును సత్యము పలికించుచున్నది. అట్లే స్వామికి చెందినవాడనని ఎరిగినవానికి ఈ దేహమే కైంకర్యసాధనమగును.

తెగిన చోటును వెదకుటకు ఒక క్రమము కలదు. అనుభవజ్ఞుడైన మెకానిక్కు తొలుతనే మీటరును మార్చడు. ఉష్ణమును చూపు ముల్లు సరిగా కదలుచున్నదా యని చూచును. అదియు కదలనిచో రెంటికిని విద్యుత్తు వచ్చు మార్గమున లోపమును వెదకును. పెట్రోలు ముల్లు ఒక్కటే కదలనిచో దాని తీగను పరీక్షించును. బ్రిటిషు పద్ధతి ననుసరించిన కార్లలో అది ఆకుపచ్చరంగుపై నల్లని చారతో నుండును. ఐనను రంగు గుర్తు మాత్రమే, నిర్ణయము పరీక్షచేతనే. పెట్రోలు చెంత నిప్పురవ్వ ప్రమాదకరము గావున బ్యాటరీ బంధమును విప్పి, తీగ యొక చివర నుండి మరియొక చివర వరకు మీటరుతో పరీక్షించును. రేకు రంధ్రములలోని రబ్బరు ఎండి రాలిన చోట తీగ ఒరసికొని తెగును. ట్యాంకు వద్ద నీరు, బురద చేరిన చోట కొన తుప్పుపట్టును. అతడు తుప్పును గీచి, రాగి మెరయునట్లు శుభ్రపరచి, టంకము పెట్టి, పైతొడుగు వేసి, మరల ఒరసికొనకుండ కట్టును. తుప్పుపై కట్టిన ముడి కొన్నాళ్ళకే వదలును.

ఈ పనిలో అతడు ట్యాంకున ఒక్క చుక్కయైనను పోయలేదు. ఉన్నదానిని ఉన్నట్లు తెలియజేసెను. ఆచార్యుడు చేయునదియు నిదియే. భగవద్రామానుజులు శ్రీభాష్యమున రాజకుమారుని దృష్టాంతము నొసగిరి. ఆటలో దారి తప్పిన ఆ బాలుడు, తన తండ్రి యెవరో ఎరుగని ఒక సద్బ్రాహ్మణుని యింట పెరిగెను. పదునారేండ్ల ప్రాయమున, ఈ దేశమునేలు రాజే నీ తండ్రి యని నమ్మదగిన వాడొకడు తెలిపెను. ఆ మాట వానికి క్రొత్త తండ్రిని కల్పింపలేదు. ఐనను ఆ మాట వినని వానికి తండ్రి యుండియు లేనివాడే గదా! తుప్పును గీచుట తిరుమంత్రములోని ‘నమః’ పదము వంటిది. ‘నేను నాకు చెందినవాడను గాను’ అను తెలివిచే అహంకార మమకారములు తొలగినచోటనే ఉపదేశము నిలుచును.

తీగ బాగుపడువరకు వివేకియైన డ్రైవరు ముల్లును నమ్మడు. పోసిన పెట్రోలు, నడచిన దూరము వ్రాసికొని ప్రయాణము సాగించును. మనస్సు శూన్యముగా తోచు దినములలో భక్తుడు చేయవలసినదియు నిదియే. నిత్యారాధనము మానరాదు. తీర్థప్రసాదముల స్వీకారము మానరాదు. పెద్దల వాక్యమును లెక్కగా పట్టుకొని నడువవలెను. మనస్సు చూపు గుర్తు మారుచుండును, స్వామి మాత్రము మారడు. తెగినది తెలివియే గాని సంబంధము గాదని నమ్మి, ఆచార్యులను ఆశ్రయించినవారు శ్రియఃపతి కృపకు పాత్రులగుదురు గాక!