కర్త పేరు చెప్పుట: ఋణమా, దయయా?

మనుష్యుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో పుట్టునని మన పెద్దలు చెప్పుదురు. వీనిలో ఋషిఋణము అధ్యయనమువలన తీరునట. ఒకడు దర్శించి చెప్పిన మాటను మనము నేర్చి అనుభవించుచున్నాము గనుక, ఆ చెప్పినవానికి అప్పుపడియున్నామని దీని భావము. మంత్రమును జపించునపుడు మొదట దాని ఋషిని, తరువాత ఛందస్సును, దేవతను స్మరింపవలెనను నియమమును ఈ భావముతో పొసగునదే. దేవత ఎంత గొప్పదైనను ఋషి పేరు ముందు వచ్చును. ఇట్టి నియమము గల జాతి, పాటలును కథలును కల్పించినవారి పేరులను నేడింత సులభముగ విడిచిపెట్టుచుండుట విచారింపదగిన విషయము. ఒకని కృతిని ఆధారముగ గొని మరియొకరు చలనచిత్రమునో, టెలివిజను కథనో నిర్మించినపుడు మొదటివాని పేరు చెప్పుట ధర్మమా, లేక చెప్పినవారి దయయా? ఈ ప్రశ్ననే మేమిచ్చట పరిశీలింపదలచితిమి.

మా ఉత్తరాంధ్రమునుండియే రెండు ఉదాహరణములను తీసికొందము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో చాల మార్పులతో మరల ప్రకటితమై, 1955లో చలనచిత్రమైనది. అరువది సంవత్సరములు గడచినను, చిత్రము తీసినవారికి గురజాడ పేరు మరుగుపరుపవలెనను తలంపే కలుగుట కవకాశము లేదు. ఆ పేరే చిత్రమునకు గౌరవము తెచ్చినది. ఇక రెండవది. పార్వతీపురము ప్రాంతమున 1943లో పుట్టి, విశాఖపట్టణపు షిప్‌యార్డులో కార్మికుడుగ పనిచేసి, 2020లో గతించిన వంగపండు ప్రసాదరావుగారు వందలకొలది పాటలు కట్టిరి. ఆయన పాటలలో ‘ఏం పిల్లడో’ అనునది ఎరుగనివారు ఈ సీమలో అరుదు. 2009లో విడుదలయైన ‘మగధీర’ చిత్రములోని యొక పాటయందు ఆ పల్లవి మాటలు వినవచ్చినపుడు, తన అనుమతి లేకుండ వాడుకొనిరని ఆయన బహిరంగముగ ఆక్షేపించిరి. నిర్మాత పక్షమువారు తమ సమాధానమును తాము చెప్పుకొనిరి. ఆ తగవులో తీర్పు చెప్ప మేము పూనుకొనము. మాకు ముఖ్యమైనది వేరొకటి: గురజాడ విషయమున పుట్టని తగవు వంగపండు విషయమున ఏల పుట్టినది?

కారణము స్పష్టమే. ఒకరి కృతి పుస్తకమై అట్టమీది పేరుతో తిరిగినది. మరియొకరి కృతి నోటినుండి నోటికి తిరిగినది. జముకు వాయించుచు, వరుసలు కట్టి కూలిజనము పాడుకొను పాట కొంతకాలమునకు కర్తను దాటి పోవును. కవి కది పరమ విజయము. కాని ఆ విజయమే వానికి శత్రువగును. పాట అందరిదైనదనగా ఎవరిదియు కాదని చదువుకొన్నవారు అర్థము చెప్పుకొందురు. ‘జానపదము’ అను మాట ఒక పాట నడకను, బాణిని తెలుపు మంచి మాట. దానిని కర్త లేడనుటకు సాక్ష్యముగ వాడుటయే తప్పు. పల్లెయాసలో నున్నది గనుక కర్త యుండడనుకొనుటలో, పల్లెవానికి కర్తృత్వము తగదను చిన్నచూపు దాగియున్నది. సంస్కారము కోరువారు మొదట దీనిని గుర్తింపవలెను.

ఇందుకు నాలుగు ఆక్షేపణలు వినబడుచుండును. కవులందరును ఎరవు తెచ్చుకొన్నవారే గదా అనునది మొదటిది. నిజమే. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణమును, అర్థహరణమును గూర్చి అధ్యాయములే వ్రాసెను. ఎరవు లేని సాహిత్యము లేదు. కాని ఎరవు వేరు, దాచుట వేరు. నన్నయభట్టు భారతమును తెలిగించుచు, తనకు తోడ్పడిన నారాయణభట్టును అవతారికలోనే స్మరించి, భారతయుద్ధమున అర్జునునకు కృష్ణుడు తోడైనట్లు తనకాతడు తోడయ్యెనని చెప్పుకొనెను. ఆ పేరు చెప్పినందున ఆదికవి పీఠమేమియు కదలలేదు. పోతన భాగవతమున కొన్ని స్కంధములను గంగన, సింగన, నారయ అనువారు పూరించిరి. ఆయా స్కంధముల చివరి గద్యములలో వారి పేరులే యున్నవి. తాళపత్రములపై గంటముతో వ్రాయు కాలమున నిలిచిన ఈ మర్యాద, నిమిషమున వేయి ప్రతులు పుట్టు నేటికాలమున నిలువకపోవుటకు సాకేమున్నది?

పేరు కోరుట అహంకారమనునది రెండవ ఆక్షేపణ. ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును పూరించి, తన పేరు ముందుంచుకొనక, నన్నయ రచనయే సాగినట్లుగ రాజరాజనరేంద్రున కంకితముగ నడిపెనుగదా, అట్టి వినయము నేటివారి కేల లేదని అడుగుదురు. ఎఱ్ఱన చేసినది మహాత్యాగము, సందేహము లేదు. కాని ఆ త్యాగము ఎవరిది? తన పేరును తాను విడిచెను. నన్నయ పేరును తుడిచి తన పేరు వ్రాసికొనలేదు. తన సొమ్మును తాను దానము చేసినవాడు దాత. పరుని సొమ్మును ఆతని పేరుమీద దానముచేసి, “నీవు నిరహంకారివి కావలెను” అని ఆతనికి ఉపదేశించువానిని ఏమనవలెనో పాఠకులే చెప్పుదురుగాక. వినయము ఎవరి కొరకు వారు పాటింపవలసిన ధర్మము. ఇతరులపై విధించినపుడది అపహరణమగును.

మూడవది: “సొమ్మిచ్చితిమి, ఇంకేమి కావలెను?” అనుట. దీనికి అమెరికా దేశపు బొమ్మల కథలు తగిన పాఠము చెప్పుచున్నవి. సూపర్‌మ్యాన్ అను అతిమానుష వీరుని కల్పించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇద్దరు యువకులు 1938లో 130 డాలర్లకు హక్కులను అమ్ముకొనిరి. ఆ వీరునివలన ఇతరులు కోట్లు గడించిరి. ముసలితనమున వారు పత్రికలకెక్కి మొఱపెట్టుకొనిన పిమ్మట, 1975లో వారికి వార్షిక వేతనమును, కథలపై వారి పేరును ఏర్పాటుచేయబడెను. 1939లో వెలువడిన బ్యాట్‌మ్యాన్ చరిత్ర ఇంకను దుఃఖకరము. తొలి కథ వ్రాసి, ఆ వీరుని వేషమును తీర్చుటలో ముఖ్యుడైన బిల్ ఫింగర్ పేరు ఎక్కడను లేక, చిత్రకారుడు బాబ్ కేన్ పేరొక్కటే దశాబ్దములు నడిచినది. ఫింగర్ 1974లో గతించెను. ఆయన మనుమరాలును, ఆయన చరిత్రను శోధించిన యొక రచయితయు పట్టుబట్టగా, 2015లో ఆ సంస్థ ఒప్పుకొని ‘గోథమ్’ అను టెలివిజను కథయందు ఆయన పేరును చేర్చెను. పేరు వచ్చునప్పటికి మనిషి పోయి నలువది యొక్క ఏండ్లయినది.

ఇందువలన తేలునదేమనగా, సొమ్ము ఋణము వేరు, పేరు ఋణము వేరు. ఒకటి చెల్లించుటచే రెండవది చెల్లదు. మన 1957 నాటి గ్రంథస్వామ్య చట్టములోని 57వ సెక్షనుకూడ, కర్త తన హక్కులనమ్ముకొన్న తరువాత సైతము ఆ కృతి తనదని చెప్పుకొను హక్కు వానికి నిలిచియుండునని చెప్పుచున్నది. పొలమమ్మినవాడు పొలమును విడుచును. పాటనమ్మినవాడు ఆ పాటకు తండ్రి కాకపోడు. కన్యాశుల్కము పుచ్చుకొన్న తండ్రిని మనము నిందింపవచ్చును. అతడు తండ్రియే కాడని అనలేము. పైగా పేరులో అన్నముకూడ నున్నది. పేరు తెలిసిన పాటగానిని రేపొకరు వెదకికొని వచ్చి పాడింతురు. పేరు తెలియనివానిని వెదకునదెవ్వరు?

నాలుగవ ఆక్షేపణకు మాత్రము బలమున్నది. నిజముగనే కర్త తెలియని పాటలు మన ప్రాంతమున ఎన్నియో కలవు. తప్పెటగుళ్లవారు ఎగురుచు పాడునవి, జముకుల కథలలోనివి, దంపుళ్లవేళ స్త్రీలు పాడునవి ఎవరు కట్టిరో ఎవరికెరుక? 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రమునందలి ‘సారంగదరియా’ పాట విషయమున, మూలమును పాడి ప్రచారమునకు తెచ్చినవారి స్థానమెక్కడ, దానిని తిరిగి వ్రాసిన కవి స్థానమెక్కడ అను చర్చ నడిచినది. ఇట్టిచోట కర్తను మనము కల్పింపలేము. అయినను తెలిసినంత మేర చెప్పవచ్చును. ఎవరి నోట విన్నామో వారి పేరు, ఏ యూరివారో ఆ యూరి పేరు, ఏ కళలోనిదో ఆ కళ పేరు చెప్పుటకు అడ్డమేమున్నది? తండ్రి తెలియని బిడ్డను పెంచినవారిని ఎరుగుట న్యాయము. “కర్త తెలియదు” అని వ్రాయుటకూడ వెదకిన పిమ్మట వ్రాసినచో సత్యమే. వెదకకుండ వ్రాసినచో అసత్యము.

ఇది చలనచిత్రములవారికి మాత్రమే చెప్పు మాట కాదు. పాఠశాలల వార్షికోత్సవములలో బాలికలచే ఆడించు పాటకు “జానపద నృత్యము” అని ప్రకటించి ఊరకుండువారము మనమే. ఫోనులో వచ్చిన పద్యమును పేరు తీసివేసి పదిమందికి పంపువారమును మనమే. ఇంట బిడ్డలు పాట పాడినపుడు “బాగుగ పాడితివి” అనుటతోబాటు “ఇది ఎవరు కట్టిరమ్మా?” అని అడుగు అలవాటును తలిదండ్రులు చేసికొనవలెను. తెలియకున్న బిడ్డలతో కలసి వెదకవలెను. ఇది సొమ్ము ఖర్చులేని ధర్మము. ఋషిని స్మరింపక మంత్రము నారంభింపరాదను నియమము గల మనకిది క్రొత్తదియు కాదు. ఉపనయనమైనవారికే చెప్పిన ఆ మర్యాదను, జముకు పట్టినవానికిని, తప్పెట కట్టినవానికిని, బొమ్మల కథ వ్రాసినవానికిని చెల్లించుటయే ఇప్పుడు మనము చేయవలసిన సంస్కారము.