చాడీనా, సాక్ష్యమా?

మా తరగతిలో ఎవరైనా సారు దగ్గర ఒక మాట చెబితే చాలు, వాడికి ‘చాడీకోరు’ అని పేరు పడిపోతుంది. మైదానంలో మాతో ఆడే తమిళ పిల్లలు ‘పోట్టు కొడుత్తుట్టాన్’ అంటారు. భాష వేరైనా తిట్టు ఒకటే. ఆ పేరు నా మీద పడకుండా ఆరో తరగతి నుంచి జాగ్రత్తగానే ఉన్నాను. పోయిన వేసవి సెలవుల్లో ఆ జాగ్రత్త వల్లనే ఒక తప్పు చేశాను.

మాది హోసూరు. మా వీధి చివర ఒక మొబైల్ రిపేరు అంగడి ఉంది. మే నెలలో ఆ అంగడి అన్న ఫ్రీ ఫైర్ మ్యాక్స్ పోటీ పెట్టాడు. జట్టుకు నలుగురు చొప్పున 16 జట్లు. ప్రవేశ రుసుము లేదు, గెలిచిన జట్టుకు 3,000 రూపాయలు. ఆట తెలియని పెద్దల కోసం కొంచెం చెబుతాను. రెండు జట్లు ఎదురెదురుగా నిలబడి కాల్చుకుంటాయి. ముందుగా నాలుగు రౌండ్లు ఎవరు గెలిస్తే వాళ్ళదే మ్యాచ్. తలకు గురి తగిలితే దెబ్బ ఎక్కువ. ఆ గురి కుదరాలంటే నెలల తరబడి వేళ్ళు అరగదీయాలి. అరగదీయకుండానే గురి దానంతటదే తల మీదికి పోయేలా చేసే దొంగ ఫైళ్ళూ తిరుగుతుంటాయి.

మా జట్టు నాయకుడు మా బావ. మేనమామ కొడుకు, పన్నెండో తరగతి. నాకు ఈ ఆట నేర్పింది అతనే, అంతకుముందు సైకిల్ నేర్పిందీ అతనే. సెమీఫైనల్‌కు ముందు పక్కన కూర్చుని ఉన్నప్పుడు, అతను తన ఫోన్‌లో ఏదో ఫైల్‌ను గేమ్ ఫోల్డర్‌లోకి మార్చడం చూశాను.

“ఏంది బావా అది?”

“లాగ్ రాకుండా ఉండేదిరా. నీకెందుకు, నీ ఆట చూసుకో.”

నమ్మానని అనను. నమ్మినట్టు ఉండిపోయాను. ఆ మ్యాచ్‌లో బావ కాల్చిందంతా తలకే తగిలింది.

అంతటితో అయిపోయి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదేమో. రెండో సెమీఫైనల్‌లో ఒక అబ్బాయి ఆడాడు. వాళ్ళ నాన్న ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మెన్. చేతిలో తెర పగిలిన పాత ఫోన్. తన జట్టులో ముగ్గురూ పడిపోయాక ఒక్కడే నిలబడి ఎదుటి నలుగురినీ పడగొట్టాడు. గుంపులో ఎవరో “హ్యాక్ రా!” అన్నారు. నిమిషంలో అందరూ అందుకున్నారు. అందరికంటే గట్టిగా అరిచింది మా బావ. అంగడి అన్న ఆ ఫోన్ తీసుకుని అటూ ఇటూ చూసి, ఏమీ తేల్చలేక, గొడవెందుకని ఆ జట్టును తప్పించేశాడు. బావ ఫోన్ ఎవరూ అడగలేదు. సాయంత్రానికి ఆ అబ్బాయి ఆట ముక్క చాలామంది వాట్సాప్ స్టేటస్‌లో ఉంది, కింద ‘దొంగ’ అని రాసి. ఫైనల్ మేమే గెలిచాం. నా వాటా 750 రూపాయలు.

మోసం సంగతి చెప్పకపోతే మోసం చేసినవాడు బాగుపడతాడు, అంతేకదా అనుకునేవాణ్ణి. అంతే కాదు. వీధిలో దొంగ ఉన్నాడని అందరికీ తెలిసి, ఎవరో తెలియనప్పుడు, కన్ను ముందుగా కొత్తవాడి మీద, లేనివాడి మీద పడుతుంది. ఆటలో అయితే బాగా ఆడినవాడి మీద పడుతుంది. నేను మింగేసిన మాట ఎక్కడికీ పోలేదు. పోయి ఆ అబ్బాయి మీద పడింది.

నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాను. “ఆటకు పోయి బంధుత్వం చెడగొట్టుకుంటావా?” అంది. అమ్మ మాటను తీసిపారేయలేను. ఆ పక్కన ఉన్నది ఆమె అన్న ఇల్లు. నాన్న మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. ఆయన ఒక కంపెనీలో తయారైన పార్టులు కొలిచి చూసే పనిలో ఉన్నారు. కొలత తప్పితే ఎర్ర చీటీ కట్టాలి. చేసినవాడికి కోపం వస్తుంది, క్యాంటీన్‌లో పక్కన కూర్చోడు కూడా. నాన్న అన్నదిది: “చీటీలో ఏ పార్టు, ఎంత కొలత, ఎవరు చూసినారు అని రాయాల. కింద నా సంతకం ఉండాల. వాడు పనిదొంగ అని రాసేదానికి అక్కడ జాగా లేదురా.”

చాడీకీ ఫిర్యాదుకూ తేడా నాకు ఆ ఎర్ర చీటీలో దొరికింది. చూసింది మాత్రమే చెప్పాలి, పరీక్షించగలిగేవాళ్ళకు చెప్పాలి, నా పేరు దాచుకోకుండా చెప్పాలి. వాట్సాప్ స్టేటస్‌లో ఈ మూడూ లేవు.

పెద్ద ఆటగాళ్ళూ ఇక్కడ తడబడ్డారు. 2022 సెప్టెంబరులో అమెరికాలో సింక్‌ఫీల్డ్ కప్ చదరంగం పోటీలో హాన్స్ నీమన్ చేతిలో మాగ్నస్ కార్ల్‌సన్ ఓడిపోయాడు. మర్నాడు పోటీ నుంచి తప్పుకున్నాడు. కారణం సూటిగా చెప్పలేదు, సూచనగా ఒక వీడియో పెట్టాడంతే. నీమన్ చిన్నప్పుడు ఆన్‌లైన్‌లో మోసం చేసినట్టు తనే ఒప్పుకున్న మాట నిజమే. కానీ ఆ రోజు బల్ల మీద మోసం చేశాడని రుజువు కాలేదు. అయినా లోకమంతా వారాల తరబడి ఊహలు అల్లింది. సరైన కారణం లేకుండా పోటీ విడిచినందుకు 2023 డిసెంబరులో ఫిడే కార్ల్‌సన్‌కు 10,000 యూరోల జరిమానా వేసింది. అంత గొప్ప ఆటగాడికి అనుమానం రావడం తప్పు కాదు. సంతకం లేని చీటీ లోకం మీదికి వదలడమే నాకు తప్పనిపిస్తుంది.

2018 అక్టోబరులో షాంఘైలో జరిగింది వేరు. కౌంటర్-స్ట్రైక్ పోటీలో భారత జట్టు ఆటగాడి మీద అనుమానం వస్తే నిర్వాహకులు ఆట ఆపి అక్కడికక్కడే అతని కంప్యూటర్ చూశారు. ‘వర్డ్’ అని పేరు పెట్టి దాచిన మోసపు ప్రోగ్రామ్ బయటపడింది. అతనికి ఐదేళ్ళ నిషేధం. కానీ జట్టంతా పోటీ నుంచి బయటికి పోయింది, తర్వాత ఆ జట్టే లేకుండా పోయింది. మిగిలిన నలుగురి గురించి చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. నేనూ అలాంటి నలుగురిలో ఒకణ్ణే. కాకపోతే నాకు తెలుసు.

ఇంకో ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. ముందు బావకే చెప్పి ఉండాల్సిందా? 2020లో అదే ఆటలో, కెమెరా లోపం వాడుకుని ఎదుటి జట్టును దొంగచూపు చూసిన 37 మంది కోచ్‌ల మీద చర్య తీసుకున్నప్పుడు, తమంతట తాము ఒప్పుకున్నవాళ్ళకు శిక్ష తగ్గించారు. ఒప్పుకునే సందు మనిషికి ఇవ్వాలి. ఆ ఫైల్ చూసిన నిమిషంలోనే “తీసెయ్ బావా, లేకపోతే నేను ఆడను” అని ఉంటే ఫిర్యాదు అవసరమే ఉండేది కాదు. నేను ఆ సందు ఇవ్వలేదు. ఇంకొకరి మీద నింద పడ్డాక ఇక మా ఇద్దరి మధ్య సర్దుకునే హక్కు మాకు లేదు. ఇదీ నిజమే: బావ ఎదుటి జట్టులో ఉండి ఉంటే అప్పుడే, అందరి ముందూ అరిచి చెప్పేవాణ్ణి.

పదకొండు రోజుల తర్వాత అంగడి అన్నకు చెప్పాను. బావ ముందు కాదన్నాడు, తర్వాత ఊరుకున్నాడు. “నాతో చెప్పుండొచ్చు కదరా” అన్నాడు నాతో. అదే ఆఖరి మాట. మొన్న చుట్టాల పెళ్ళిలో నన్ను చూసి వేరే పంక్తిలో కూర్చున్నాడు. అంగడి అన్న గ్రూపులో రెండు లైన్లు రాశాడు, ఆ అబ్బాయి జట్టును తప్పించడం తన పొరపాటని. ఆ వీడియో చూసినంతమంది ఆ రెండు లైన్లు చదవలేదు.

750 రూపాయలు తీసుకుని ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి విన్నాడు. డబ్బు ముట్టలేదు.

“ఆ రోజే తెలుసా నీకు?” అన్నాడు.

“తెలుసు.”

తల ఊపి లోపలికి పోయాడు. డబ్బు అంగడి అన్నకు ఇచ్చేశాను. క్వార్టర్లీ సెలవుల్లో మళ్ళీ పోటీ పెడతాడట, ఈసారి ఆటకు ముందే అందరి ఫోన్లూ చూస్తాడట. ఆ అబ్బాయి ఇంకా పేరు ఇవ్వలేదు.