నమ్మిక నయము చేయునా?



“దేవునికి మొక్కితే రోగం తక్కువైతదా సార్?” అని పదవ తరగతి విద్యార్థి యొకడు పాఠము నడుమ నన్నడిగెను. అవునన్నచో ఆసుపత్రిని కాదన్నట్లగును. కాదన్నచో వాని అవ్వ కట్టిన ముడుపును ఎగతాళి చేసినట్లగును. అంతలో గంట మ్రోగుటచే నేను తప్పించుకొంటిని. ఆ బాకీని ఇచట తీర్చుకొనుచున్నాను.

మన వేములవాడ స్థలపురాణమును స్మరింపుడు. రాజరాజనరేంద్రుడు ధర్మగుండమున స్నానమాడి కుష్ఠవ్యాధినుండి విముక్తుడయ్యెనని ప్రతీతి. ఆ గాథపై గౌరవముంచియే చెప్పుచున్నాను: నేడు కుష్ఠును తొలగించుచున్నది 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధచికిత్స. ఆరు మాసములో, సంవత్సరమో మాత్రలు మింగినచో రోగికి నయమగుచున్నది. మశూచి సంగతియు అంతియే. ఊరూర పోచమ్మకు బోనములెత్తితిమి. కాని 1975లో మన దేశమునుండి ఆ వ్యాధిని వెడలగొట్టినది టీకా. లోకమంతటను అది అంతరించినదని 1980లో ప్రకటించిరి. సూక్ష్మజీవికి భక్తుడును నాస్తికుడును ఒక్కటియే.

అట్లైన భక్తివలన ఆరోగ్యమునకు ప్రయోజనమే లేదా? తొందరపడరాదు. అమెరికాలో 74,000 మందికి పైబడిన స్త్రీ నర్సులను పదునారేండ్లు గమనించి, 2016లో ఫలితములు వెల్లడించిరి. ప్రార్థనామందిరమున కెన్నడును పోనివారికంటె వారమున కొకమారుకు మించి పోవువారిలో మరణములు 33 శాతము తక్కువగా ఉండెను. ఆరోగ్యవంతులే మందిరమునకు నడచిపోగలరు గదా అని ఆక్షేపింపవచ్చును. పరిశోధకులు ఆ సందేహమును ఎరిగి, వారి పూర్వపు ఆరోగ్యస్థితిని సైతము లెక్కలోనికి తీసికొనిరి. తోడునీడలుండుట, పొగత్రాగుట తక్కువగుట, దిగులు తక్కువగుట ఈ మేలునకు కొంత కారణమని వారు కనుగొనిరి. మతప్రసక్తి లేకయే 148 పరిశోధనలను కూర్చి చూచిన 2010 నాటి సమీక్షయు, గట్టి బాంధవ్యములు గలవారు బ్రదికియుండు అవకాశము సగటున 50 శాతము అధికమని తేల్చినది.

ఇక మూడవది. గుండె శస్త్రచికిత్స పొందిన 1,802 మంది రోగులలో కొందరికొరకు, వారిని ఎరుగని పరులచే ప్రార్థనలు చేయించి చూచిరి. 2006లో ప్రకటితమైన ఫలితమేమనగా, ఆ ప్రార్థనలవలన మేలు కానరాలేదు. తమకై ప్రార్థన జరుగుచున్నదని నిశ్చయముగా తెలిసినవారిలో చిక్కులు కొంచెము ఎక్కువగనే ఉండెను. ఈ మూడింటిని కలిపి చదివిన నాకు తోచునది ఇది: ముఖమెరుగనివాడు దూరమున చేయు మొక్కుకంటె, ప్రక్కన కూర్చుండి పట్టుకొన్న చేయి మేలు.

ఇది నాకు పుస్తకములకంటె ముందు మా యింట తెలిసినది. మా పెద్దన్నకు క్షయ సోకినప్పుడు, మండలము దినములు గుడిలో నిద్రచేసిన పోవునని నమ్మి కొనిపోయినవాడను నేనే. తిరిగివచ్చునాటికి అతడు రక్తము కక్కుచుండెను. ఆ నలువది దినములు నేటికిని నన్ను కలచును. తరువాత ఆరు నెలల మందు మొదలయ్యెను. రెండు నెలలలో ఒడలు తేరుకొనగనే అన్న మాత్రలు మానజూచెను. మా జంగమయ్య ప్రతి ఉదయము వచ్చి, “మందు మింగినవా బిడ్డా?” అని అడిగి, మింగుట కన్నులార చూచిన పిదపనే లింగపూజకు కూర్చుండనిచ్చెడివాడు. అన్న బ్రదికెను. మందు రోగమును చంపినది. ఆ మందును మాననీయనిది భక్తి. నన్ను తప్పుదారి పట్టించినదియు, అన్నను నిలబెట్టినదియు ఒకే నమ్మిక యని మరువలేను.

సమాజము మందగునని పొంగిపోరాదు; అదియే విషమును కాగలదు. కుష్ఠు సోకినవానిని ఊరి వెలుపలికి నెట్టినది సమాజమే. కులబహిష్కారమున నీళ్ళు, నిప్పులు ఆపినదియు సమాజమే. వేములవాడకు పండ్రెండు కిలోమీటర్లకు మించని దూరమున నున్న సిరిసిల్లలో, 1990ల చివరినుండి ఎందరో నేతకార్మికులు అప్పులపాలై ప్రాణములు తీసికొనిరి. వారికి రాజన్నపై భక్తి తక్కువయా? వారికి కరవైనది పని, కూలి, ఆపదలో ఆదుకొను చేయి. సమాజముతో బంధము సడలినచోట ఆత్మహత్యలు పెరుగునని ఫ్రెంచి పండితుడు దుర్ఖేము 1897లోనే వ్రాసెను. అప్పును తీర్చలేని ఓదార్పు సగము ఓదార్పు మాత్రమే.

ఆదిలాబాదు సీమలోని కేస్లాపూరు నాగోబా జాతరను చూడుడు. మెస్రం వంశీయులు గోదావరి జలముతో కాలినడకన వచ్చి, కొత్తకోడండ్రను దేవునికిని పెద్దలకును పరిచయము చేయుదురు. హైమన్‌డార్ఫు చొరవతో 1940వ దశకమున మొదలైన దర్బారులో గిరిజనులు తమ గోడును అధికారులకు చెప్పుకొనిరి. పూజయు, పరిచయమును, మొరయు ఒక్కచోటనే! కూడిక అనగా ఇదియే.

బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున బోధించినదియు ఇదియే గదా! కాయకము చేతికి పని నిచ్చును. దాసోహము ఆ ఫలమును పదుగురికి పంచును. దేహమే దేవాలయమని ఆయన తలంపు. దేహము దేవాలయమైనచో, గోడ బీటవారినప్పుడు గచ్చు వేయక, గంట మాత్రము మ్రోగించువాడు భక్తుడగునా? వైద్యుని యొద్దకు పోవుట భక్తికి లోపము కాదు, గుడికి మరమ్మతు. ఇరుగుపొరుగున రోగి యుండగా తలుపు మూసికొని చేసిన పూజ దాసోహమునకు దూరము.

అందుచే ఆ విద్యార్థికి నా జవాబిది: నాయనా, మొక్కుము. మొక్కి, అవ్వను ఆసుపత్రికి తోడుకొనిపొమ్ము. తిరిగివచ్చి, పొరుగింటివారు మాత్ర వేసికొనిరో లేదో అడుగుము. ఈ మూడును కలిసిననాడు రోగము తక్కువగును. తక్కువ కాని రోగము కూడ ఉండును. ఆనాడును రోగి ఒంటరివాడు కాకుండును. ఇంతకుమించి వాగ్దానము చేయుటకు నాకు ధైర్యము చాలదు.